కార్డిఫ్ నగరంలో దెవి పండుగ

మనం వాడుకలో ఇంగ్లండు అంటూంటాము గాని ఆ రాజ్యం ఒక్క దేశం కాదు. ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సు, ఉత్తర ఐర్లండు అని నాలుగు భాగాలు. వాటిలో పడమటి సముద్రాన్ని ఆనుకొని, కొండలతో, వానలతో, గొర్రెల మందలతో నిండిన చిన్న దేశం వేల్సు. జనాభా ముప్పయి లక్షలకు కాస్త పైన. మన బెంగుళూరులో నాలుగో వంతు కూడా ఉండదు. దాని రాజధాని కార్డిఫ్. మా చెల్లెలు అక్కడి ఆసుపత్రిలో నర్సుగా ఉన్నది. "అన్నా, ఒక్కసారి వచ్చి పో" అని ఆరేళ్ళుగా పోరి, చివరకు టిక్కెట్టు కూడా తానే కొని పంపితే, హోసూరులో ఒక కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా ఉన్న నేను మిగిలిన సెలవంతా ఒక్కసారిగా పెట్టి 2025 ఫిబ్రవరిలో బయలుదేరినాను. ఎస్సెస్సెల్సీతో చదువు ఆగిన నాకు విమానం ఎక్కడం అదే మొదలు. ఆ ప్రయాణపు కష్టసుఖాలు అందరూ రాసేవే గనుక వదిలేస్తాను.

శివరాత్రి జాగారం గడిచిన మూడోనాడు మార్చి ఒకటో తేదీ. అది వేల్సువారి జాతీయ పండుగ. ఆరో శతాబ్దంలో అక్కడ డేవిడ్ అనే సన్యాసి ఉండేవాడు. వారి భాషలో ఆయన పేరు దెవి. మఠాలు కట్టించి, నీళ్ళు, రొట్టె, ఆకుకూరలతోనే కాలక్షేపం చేసినవాడని ప్రసిద్ధి. నీళ్ళు తప్ప వేరే తాగనందుకు ఆయనకు 'నీళ్ళవాడు' అని బిరుదు కూడా ఉన్నది. ఒకచోట ఉపదేశం చేస్తూండగా వెనకనున్న జనానికి కనబడక పోతే, ఆయన కాళ్ళ కింది నేల లేచి దిబ్బ అయిందనీ, తెల్ల పావురం వచ్చి భుజాన వాలిందనీ చెప్పుకుంటారు. ఆ దిబ్బ చూపించే ఊరు ఇప్పటికీ ఉన్నది. పోయేముందు శిష్యులకు ఆయన చెప్పినది చిన్న చిన్న పనులు శ్రద్ధగా చేయమని. ఆ మాట వేల్సులో చిన్న పిల్లవాడికి కూడా వస్తుంది. ఆయన పోయినది మార్చి ఒకటిన. సంవత్సరం 589 అని సంప్రదాయం.

బర్మింగ్‌హాములో ఉన్న నా బాల్యస్నేహితుడికి ఫోను చేసి, "రేపు ఇక్కడ దెవి పండుగ, రారాదా" అంటే, "ఏ అమ్మవారప్పా? శీతకాలంలో జాతర ఎవరు చేస్తారు?" అన్నాడు. వాడితో హోసూరు చెరువులో ఈత నేర్చినవాణ్ణి గనుక విడమరచి చెప్పే ఓపిక తెచ్చుకున్నాను. మేమిద్దరమూ ఒకే వీధివాళ్ళం, ఇద్దరి ఇళ్ళలోనూ తెలుగే. అయితే నన్ను తెలుగు బడిలో వేసినారు, వాణ్ణి అరవ బడిలో. వాడు తెలుగు మాట్లాడితే మా తాతగారు మాట్లాడినట్టే ఉంటుంది. అక్షరం మాత్రం రాదు. ఇరవై ఏళ్ళ కిందట ఆ దేశం పోయి స్థిరపడ్డాడు. పదకొండేళ్ళ కూతురు ఉన్నది. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది గాని జవాబు ఇంగ్లీషులో ఇస్తుంది.

ఇద్దరూ శనివారం పొద్దున బండికి వచ్చినారు. రెండు గంటల ప్రయాణమట. స్టేషనుకు నేనూ, మా మేనల్లుడూ పోయినాము. వాడికి తొమ్మిదేళ్ళు. మెడకు పసుపు పువ్వు గుచ్చిన ఎర్ర బనీను వేసుకొని ప్లాట్‌ఫారం మీద ఎగురుతున్నాడు. స్టేషనులో ప్రకటన మొదట వేల్సు భాషలో, తరువాత ఇంగ్లీషులో. బోర్డులూ అంతే. ఊరి పేరు ఒకచోట కార్డిఫ్ అని ఉంటే దానికి మీద కైర్‌దీద్ అని ఉంటుంది. స్నేహితుడు దిగీ దిగగానే తల పైకెత్తి చూసి, "ఇదేమి అచ్చుతప్పు మాదిరి ఉన్నది!" అన్నాడు. ఆ లిపి ఇంగ్లీషుదే గాని అక్షరాలకు ఉచ్చారణ వేరు. రెండు 'ఎల్'లు పక్కపక్కన వస్తే నాలుక పైకి అంటించి పక్కల నుంచి గాలి వదలాలి. నేను నెల రోజులు సాధన చేసినా మేనల్లుడు పెదవి విరుస్తూనే ఉన్నాడు.

వేల్సు అనే పేరే ఒక చిత్రం. అది ఇంగ్లీషువారు పెట్టిన పేరు. వారి పాత భాషలో ఆ మాటకు పరదేశులని అర్థం. తరతరాలుగా ఆ నేల మీద ఉన్నవారిని, తరువాత వచ్చినవారు పరదేశులన్నారన్నమాట! వేల్సువారు మాత్రం తమ దేశాన్ని కమ్రి అంటారు. దానికి మూలం తోటి దేశస్థులు అనే మాట. ఈ సంగతి చెబితే స్నేహితుడు, "మనకు తెలియని కథ కాదులే" అని నవ్వినాడు.

స్టేషను నుంచి నడిచి సంత భవనానికి పోయినాము. 1891లో ఇనుముతో, అద్దాలతో కట్టిన పెద్ద మార్కెట్టు అది. ఆ రోజు ఎక్కడ చూసినా పసుపు. డాఫొడిల్ అని ఒక పువ్వు, మన గంటపూల మాదిరి గొట్టంతో, చలి పూర్తిగా వదలక ముందే పూస్తుంది. దాన్ని కోటుకు గుచ్చుకోవడం ఆనాటి ఆచారం. పాతకాలపువారు పువ్వుకు బదులు లీక్ అనే కూర గుచ్చుకుంటారు. అది మన ఉల్లికాడకు పెద్దన్న, మూరెడు పొడవు, చేతి మణికట్టంత లావు. పూర్వం ఒక యుద్ధంలో మనవాడెవడో పగవాడెవడో తెలియడానికి దెవి తనవారిని టోపీలలో లీకులు పెట్టుకోమన్నాడని కథ. వేల్సు భాషలో డాఫొడిల్ పేరుకు అర్థం పీటరుగారి లీకు అట. కూర నుంచి పువ్వుకు మారిన రహస్యం ఆ పేరులోనే ఉన్నదేమో. ఉల్లి వాసన కంటే పువ్వు మేలని ఆడవారు తీర్పు చెప్పి ఉంటారని నా ఊహ.

అక్కడ ఒక అంగడిలో పెనం మీద బిళ్ళలు కాలుస్తున్నారు. గోధుమ పిండి, వెన్న, చక్కెర, ఎండుద్రాక్ష కలిపి, అరంగుళం మందాన ఒత్తి, ఇనుప పెనం మీద రెండువైపులా కాల్చి, పైన చక్కెర చల్లుతారు. పొయ్యిలోపల పెట్టే వ్యవహారం లేదు, అచ్చంగా మన వంటింటి పద్ధతి. పూర్వం పంది కొవ్వు వేసేవారట, కాబట్టి శాకాహారులు అడిగి తినడం మంచిది. వెన్నతో చేసినవేనని రూఢి చేసుకొని నాలుగు తీసుకున్నాము. వేడివేడిగా తింటే కజ్జికాయ లోపలి పూర్ణం గుర్తుకు వస్తుంది. చల్లారితే ఏమీ గుర్తుకు రాదు.

బిళ్ళలు పొట్లం కట్టిన ముసలామెకు డెబ్బయి దాటి ఉంటాయి. మా మేనల్లుడు ఆమెతో వేల్సు భాషలో ఏదో అన్నాడు. ఆమె మొహం వెలిగింది గాని జవాబు తడబడింది. అప్పుడు నాతో ఇంగ్లీషులో చెప్పినది ఇది: ఆమె తల్లికి ఇంగ్లీషు కంటే వేల్సు భాషే బాగా వచ్చునట. అయినా పిల్లల దగ్గర ఆ మాట నోట రానిచ్చేది కాదట, దానివల్ల వారి చదువుకూ ఉద్యోగాలకూ అడ్డమని. ఇప్పుడు మనవరాలు ఆ భాషలోనే చదువుతూ, ఇంటికి వచ్చి అవ్వ తప్పులు దిద్దుతున్నదట. "సిగ్గుగా ఉంటుంది, సంతోషంగానూ ఉంటుంది" అని ఆమె మరో రెండు బిళ్ళలు పిల్లల చేతిలో ఊరికే పెట్టింది.

ఆ తల్లి భయానికి కారణం లేకపోలేదు. వెనకటి కాలంలో కొన్ని బడులలో వేల్సు భాష మాట్లాడిన పిల్లవాడి మెడలో ఒక చెక్క ముక్క కట్టేవారు. వాడు మరొకడు మాట్లాడగా పట్టిస్తే చెక్క ఆ మెడకు మారేది. సాయంకాలం ఎవరి మెడలో ఉంటే వారికి దెబ్బలు. 1847లో దొరతనంవారు అక్కడి చదువుల మీద ఒక విచారణ జరిపించినారు. విచారణకు వచ్చిన ముగ్గురిలో ఒక్కరికీ ఆ భాష రాదు. జనం వెనకబడి ఉండడానికి ఆ భాషే కారణమని నీలి అట్టల పుస్తకాలలో రాసిపోయినారు. ఆ 'నీలి పుస్తకాల ద్రోహం' అనే మాట వేల్సులో ఇంకా వినబడుతుంది. బొగ్గు గనులకూ ఉక్కు కార్ఖానాలకూ నలుదిక్కుల నుంచి జనం వచ్చి చేరడం మరొక కారణం. 1911లో సుమారు పది లక్షలమంది ఆ భాష మాట్లాడేవారు, నూటికి నలభై మూడుమంది. 2021 లెక్కలలో అయిదు లక్షల ముప్పయి ఎనిమిది వేలు, నూటికి పద్దెనిమిదికి కాస్త తక్కువ.

ఊరేగింపు మధ్యాహ్నం వచ్చింది. చలి ఉన్నా ఎండ కాసింది, అది ఆ ఊళ్ళో సామాన్యమైన అదృష్టం కాదు. నగరసభ భవనం ఉన్న వైపు నుంచి కదిలి, కోట ముందుగా నడిబొడ్డుకు సాగింది. కోట అంటే రోమనులు మొదట కట్టిన చోటనే తరువాతివారు కట్టినది. నగరసభ భవనం గుమ్మటం మీద ఒక డ్రాగను బొమ్మ ఉన్నది, లోపలి పాలరాతి మందిరంలో దెవి మొదలైన వేల్సు మహనీయుల విగ్రహాలు 1916లో లాయిడ్ జార్జి ఆవిష్కరించినవి. ఆయన ఆ ఏడే ప్రధానమంత్రి అయినాడు. బ్రిటిషు ప్రధానమంత్రులలో వేల్సు భాష తల్లి భాషగా పుట్టినవాడు ఆయనొక్కడే. మేము లోపలికి పోలేదు, బయట నుంచే చూసినాము.

ఊరేగింపులో ముందు నల్ల గుడ్డ మీద పసుపు శిలువ ఉన్న జెండాలు. అది దెవి జెండా. తరువాత తెలుపు, పచ్చల మీద ఎర్ర డ్రాగను ఉన్న దేశపు జెండాలు. డోళ్ళు, బాకాలు, గుడ్డతో చేసిన పెద్ద డ్రాగనులు. ఆడపిల్లలు పొడవాటి నల్ల టోపీలు, శాలువలు, గళ్ళ పరికిణీలు. ఈ వేషం ఒక జమీందారిణి పందొమ్మిదో శతాబ్దంలో పట్టుబట్టి ప్రచారం చేసినది. అంతకు ముందు పల్లె ఆడవారు వేసుకున్న బట్టలే, ఆమె వాటిని జాతీయ వేషం చేసింది. పిల్లల బడులలో ముందునాడే, అంటే శుక్రవారం, ఈ వేషాలతో పాటలు, పద్యాలు, పోటీలు అయిపోయినవి. వాటిని ఐస్తెద్‌వోద్ అంటారు. 1176లో ఒక ప్రభువు కోటలో జరిగిన కవిగాయక సభ దాని మూలమంటారు. గెలిచిన కవిని కుర్చీలో కూర్చోబెట్టి గౌరవించడం సంప్రదాయం. ఇంకొక మాట మన ఛందస్సు తెలిసినవారి కోసం రాస్తున్నాను. వారి పాత పద్ధతి పద్యాలకు ఇరవై నాలుగు ఛందోరీతులు ఉన్నవి. ప్రతి పాదంలోనూ హల్లులు నియమంగా తిరిగి రావాలి. మన యతి, ప్రాసలకు దూరపు చుట్టమన్నట్టుంటుంది. తప్పితే పండితులు పట్టేస్తారట. అక్కడా ఆ జాతి ఉన్నదన్నమాట.

ఊరేగింపు ఆగినచోట అందరూ టోపీలు తీసి జాతీయగీతం పాడినారు. పాంటిప్రిడ్ అనే ఊళ్ళో 1856లో నేతపని చేసే తండ్రి మాటలు కట్టగా, వీణవంటి హార్ప్ వాయించే కొడుకు వరస కట్టినాడు. తండ్రుల పాత దేశం అని దానికి పేరు. తమ భాష నిలవాలని అందులో కోరుకుంటారు. మా చుట్టూ పాడినవారిలో సగం మందికి ఆ భాష రాదు. కార్డిఫ్‌లో నూటికి పన్నెండుమందికే వస్తుంది. అయినా ఒక్క మాట తడబడలేదు. అప్పట్లో వారి రగ్బీ జట్టు ఏడాదికి పైగా ఏ దేశం మీదా గెలవలేదు, దాని దుఃఖం కూడా గొంతులో కలిసి ఉంటుంది. స్నేహితుడి కూతురు మా మేనల్లుడి పెదవులను చూస్తూ నిలబడింది. తరువాత తండ్రిని అడిగింది: "నాన్నా, మన పాట ఏది?" ఇది తెలుగులోనే అడిగింది. వాడు నా వైపు చూసినాడు.

ఇంత చేసి ఆ రోజు వారికి సెలవు దినం కాదు! ఆ ఏడు శనివారం కావడంవల్ల సరిపోయింది. స్కాట్లండుకు, ఉత్తర ఐర్లండుకు తమ తమ సాధువుల పేర సెలవులున్నవి. వేల్సు శాసనసభవారు 2000లో ఏకగ్రీవంగా అడిగినా లండనువారు ఒప్పుకోలేదు. ఆఫీసు గుమాస్తాగా నాకు ఈ విషయంలో వారిమీద మిక్కిలి సానుభూతి కలిగింది.

అక్కడినుంచి సముద్రం వైపు పోయినాము. 1801లో ఈ కార్డిఫ్ రెండువేలు కూడా నిండని పల్లె. కొండల్లోని బొగ్గు ఈ రేవుకు దిగడంతో నూరేళ్ళలో లక్షన్నర దాటింది. 1913లో కోటి టన్నుల పైబడి బొగ్గు ఇక్కడినుంచి ఓడలెక్కింది. ఆ ఓడలలో పనిచేసిన సోమాలీలు, యెమెనువారు, మన లస్కర్లు రేవు పక్కన కాపురాలు పెట్టినారు. ఇప్పుడు బొగ్గు లేదు. రేవు గట్టున పలకరాతితో, అద్దాలతో కట్టిన శాసనసభ ఉన్నది. దాన్ని ఎలిజబెత్తు రాణి తెరచినది కూడా మార్చి ఒకటినే, 2006లో.

ఆ గట్టు మీద బెంచీలో కూర్చున్నప్పుడు మాకు వాదం వచ్చింది. స్నేహితుడు అన్నాడు: "ప్రభుత్వం వెనక ఉంటే ఎవరికైనా చెల్లుతుందప్పా. బోర్డులు వాళ్ళవి, బడులు వాళ్ళవి. మనకెవరున్నారు?"

నేను ఆ నెలంతా చెల్లెలి ఇంట్లో ఉన్న పుస్తకాలు తిరగేసినవాణ్ణి. ప్రభుత్వం వెనకాల వచ్చింది, ముందు రాలేదని చెప్పినాను. వేల్సు భాషలో చెప్పే మొదటి ప్రాథమిక పాఠశాల 1939లో అబరిస్ట్‌విత్ అనే ఊళ్ళో ఒకాయన సొంతంగా పెట్టినాడు. మొదటిరోజు ఏడుగురు పిల్లలు. కార్డిఫ్‌కు అటువంటి బడి 1949లో వచ్చింది. 1962లో సాండర్స్ లూయిస్ అనే రచయిత రేడియోలో ఆ భాష భవిష్యత్తు మీద మాట్లాడిన తరువాత పడుచువాళ్ళు సంఘం కట్టి బోర్డుల కోసం జైళ్ళకు పోయినారు. తమ భాషకు టెలివిజను ఇస్తామని మాట ఇచ్చిన సర్కారు వెనక్కు తీసుకుంటే, 1980లో గ్విన్‌వర్ ఎవన్స్ అనే నాయకుడు ప్రాణం పోయేవరకు ఉపవాసం ఉంటానన్నాడు. ఉపవాసం మొదలు కాకముందే సర్కారు దిగివచ్చింది. 1982 నవంబరులో ఆ ప్రసారాలు మొదలైనవి. ఇది వింటే మన తెలుగువాడికి ఎవరు గుర్తుకు రావాలో చెప్పనక్కరలేదు. మద్రాసులో 1952లో యాభై ఎనిమిది రోజుల ఉపవాసం చేసిన పొట్టి శ్రీరాములుగారికి మాత్రం ప్రాణం దక్కలేదు.

"సరే, అది వాళ్ళ దేశం. మనం ఎక్కడికి పోయినా వచ్చినవాళ్ళమే" అన్నాడు వాడు.

"హోసూరుకు మనమెప్పుడు వచ్చినాము? ఊరు ఉన్నచోటే ఉన్నది. 1956లో గీత అవతల పడింది" అన్నాను. తమిళనాడులో 2006 నాటి చట్టం తరువాత మా వైపు తెలుగు బడుల సంగతి చదువరులకు తెలిసినదే.

వాడేమీ అనలేదు. నేను ఇంకొకటి చెప్పినాను. 1865లో నూటయాభైమంది వేల్సువారు ఓడెక్కి దక్షిణ అమెరికాలో పటగోనియా అనే ఎండిన చోటికి పోయి కాలువలు తవ్వి బతికినారు. అక్కడి సర్కారు భాష స్పానిషు. నూటయాభై ఏళ్ళు దాటినా ఆ లోయలో ఇంకా వేల్సు భాష మాట్లాడే ఇళ్ళున్నవి, ఐస్తెద్‌వోద్ జరుగుతున్నది. 1997 నుంచి వేల్సు నుంచి ఉపాధ్యాయులను అక్కడికి పంపుతున్నారు. "మనకు ఎవరు పంపుతారు?" అని వాడు అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ఇంటికి వచ్చేసరికి చెల్లెలు కౌల్ చేసి పెట్టింది. అది వేల్సువారి పులుసు: గొర్రె మాంసం, లీకులు, ఉర్లగడ్డలు, క్యారెట్టు కలిపి గంటలకొద్దీ ఉడికిస్తారు. మాకు మాంసం మాని కందిపప్పు వేసి, ఆవాలు, ఎండుమిరపతో తాళింపు పెట్టింది. దెవి గారు చూస్తే మెచ్చుకొని ఉండేవారని నా నమ్మకం, తాళింపు సంగతి తప్ప. తింటూ స్నేహితుడు, పిల్లవాణ్ణి ఇంగ్లీషు బడిలో ఎందుకు వేయలేదని చెల్లెలిని అడిగినాడు. "ఇంగ్లీషు వీధిలో వస్తుందన్నా. ఈ బడిలో రెండు భాషలు పిల్లలకు మామూలు. మూడోదిగా మన తెలుగు మాట్లాడితే వాడికి వింతగా ఉండదు" అన్నది. ఆమె మాట నిజమే. వాడు నాతో తెలుగు, వీధిలో ఇంగ్లీషు, కలలో వేల్సు మాట్లాడుతాడు. తెలుగు అక్షరాలు మాత్రం ఇంకా పట్టుబడలేదు, నేనున్న నెలలో 'ఖ' దగ్గర ఆగినాము.

బండి వేళకు ముందు పిల్లలిద్దరూ బల్ల మీద కాగితాలు పరిచినారు. తన పేరు వేల్సు లిపిలో ఎట్లా రాస్తారని ఆ పిల్ల అడిగితే, మేనల్లుడు అది ఇంగ్లీషు మాదిరేనని తీసిపారేసి, "మామ తెలుగులో రాస్తాడు, అడుగు" అన్నాడు. పెద్దక్షరాలతో రాసిచ్చినాను. స్నేహితుడు ఆ కాగితం తీసుకొని చాలాసేపు తిప్పి తిప్పి చూసినాడు. "ఇందులో మొదటిది ఏది, ఎక్కడ మొదలుపెట్టాలి?" అన్నాడు. చెయ్యి పట్టి 'అ' దిద్దించినాను. నలభై అయిదేళ్ళవాడు, నాలుక కొస బయటపెట్టి మరీ దిద్దినాడు. కూతురు పక్కన తనకంటే ముందు వచ్చేసిందని కేకలు.

ఏడు గంటల బండికి స్టేషనుకు పోయినాము. మళ్ళీ ఆ భాషలోనే ముందు ప్రకటన వచ్చింది. బర్మింగ్‌హాము మాట మాత్రం మాకు తెలిసింది, ప్లాట్‌ఫారం సంఖ్య మేనల్లుడు చెప్పినాడు. కిటికీలోంచి వాడు, "హోసూరు పోయినాక పెద్దబాలశిక్ష ఒకటి పంపు. రెండు పంపు" అన్నాడు. ఏప్రిల్‌లో రిజిస్టరు తపాలాలో పంపినాను. పుస్తకాల వెలకంటే తపాలా ఖర్చు ఎక్కువైంది.